పదకొండో పట్టీ

పక్కింటి ఈతకొలను గట్టున ఒకాయన గెడ పాతుతుంటే ఈలక్క తన కిటికీ దగ్గర కూర్చుని చూసింది. గెడకు అడుగుకో రంగు చొప్పున ఎరుపూ తెలుపూ పట్టీలున్నాయి. మొత్తం పన్నెండు. ఆయన ప్రహరీ లోపల, గోడకు రెండడుగుల దూరంలో గెడ నిలబెట్టి, మొదలు చుట్టూ రాళ్లు సర్ది, ఊపి చూశాడు. కదల్లేదు. తర్వాత తలెత్తి నేరుగా ఈలక్క కిటికీ వైపు చూశాడు. చూసి, గేటు దాటి, ఈ భవనం వైపు నడిచాడు.

రెండు నిమిషాలకు తలుపు చప్పుడైంది.

ఈలక్క ఆమె అసలు పేరు కాదు. ముప్పై ఒక్కేళ్లు ఒక పెద్ద ఈతకొలను దగ్గర కాపలా ఉద్యోగం చేసింది. మెడలో ఈల, పక్కన పొడుగాటి కొక్కెం కర్ర, నీళ్లకు ఆరడుగుల పైన ఎత్తు కుర్చీ. పిల్లలు ఈలక్క అన్నారు, ఆ పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దలూ అదే అన్నారు, చివరికి జీతాల గుమస్తా కూడా అలాగే పిలిచాడు. ఉద్యోగం దిగి నాలుగేళ్లయింది. ఈ మొదటి అంతస్తు ఇంట్లోకి వచ్చి రెండేళ్లు. ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం తనను తాను ఇంకా అలాగే అనుకుంటుంది.

ఇల్లు మారిన మూడో రోజు పొద్దున ఆరుంపావుకి కిటికీ తెరిస్తే పక్కింటి కొలనులో ఒక మనిషి ఈదుతూ కనిపించింది. గట్టున ఎవరూ లేరు. ఈలక్క చుట్టూ చూసింది. కుర్చీలు ఖాళీ, తలుపు మూసి ఉంది. తన కుర్చీ లాక్కుని కూర్చుంది. నలభై నిమిషాల తర్వాత ఆ మనిషి నిచ్చెన పట్టుకుని పైకెక్కి, తువ్వాలు కప్పుకుని లోపలికి వెళ్లాక లేచింది. మర్నాడు అదే సమయానికి మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత ఒక్క రోజూ తప్పలేదు. జ్వరం వచ్చిన వారం దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆ ఈదే ఆవిడ పళ్ల డాక్టరని, ఒక్కతే ఉంటుందని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ సంగతి తెలిసింది తమ్ముడి భార్య ఒక్కతికే. అదీ ఫోన్లు ఎత్తకపోవడం వల్ల.

"ఏంటి వదినా, పొద్దున్నే ఎక్కడికి మాయమవుతావు?"

"డ్యూటీ."

"నీకు డ్యూటీ వేసిందెవరు?"

"ఎవరూ వెయ్యలేదు."

"అయితే నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఇంటికి రా."

"సెలవిచ్చేవాళ్లూ లేరు మరి."

మరదలు అవతల పకపకా నవ్వింది. ఈలక్క కూడా నవ్వింది. కానీ వెళ్లలేదు.

ఇప్పుడు తలుపు తీస్తే గెడ పాతినాయన చెప్పులు బయట విడుస్తున్నాడు.

"అక్కగారూ, నేను మొక్కలాయన్ని. పక్కింటి డాక్టరమ్మగారి తోట పని చూస్తున్నాను. మీ కిటికీ ఐదు నిమిషాలు వాడుకోవచ్చా?"

"కిటికీతో మీకేం పని?"

"కొలను చుట్టూ మొక్కలు పెట్టాలి. ఈ వైపు నుంచి కనబడకూడదన్నారు. నా పద్ధతేంటంటే, ఎవరి కంటి నుంచి దాచాలో ఆ కంటి దగ్గరికే వచ్చి చూస్తాను. కింద నిలబడి అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. ఒకసారి అలాగే వేసి, ఒకాయన బాత్రూమ్ కిటికీ వదిలేసి వంటింటి కిటికీ మూశాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు."

ఈలక్క పక్కకు తప్పుకుంది. ఆయన కిటికీ దగ్గర ఉన్న కుర్చీని చూశాడు. కుర్చీ కాళ్లున్న చోట నేల మీద నాలుగు గుర్తులు పడ్డాయి. అడక్కుండానే అందులో కూర్చుని, ఒక కన్ను మూసి గెడ వైపు చూశాడు.

కొలను ఈ కిటికీకి నిలువుగా ఉంటుంది. మెట్లున్న చివర ఇటు, లోతున్న చివర అటు. ఆయన అవతలి అంచుకు, గెడ మీద పట్టీకి చూపు కలిపాడు.

"మెట్లు మూడో పట్టీకే మరుగవుతాయి. నడుమ భాగం ఎనిమిదికి. అవతలి అంచు పదకొండో పట్టీ. పదకొండు అడుగులు కావాలి." జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

"ఎందుకట దాచడం?" అంది ఈలక్క.

"పొద్దున్నే ఈ కిటికీలో ఎవరో కూర్చుని చూస్తారట. ఎవడో మగాడని డాక్టరమ్మ అనుమానం. గొడవ పెట్టుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. 'రోజంతా జనం నోళ్లలోకి చూస్తాను, వాళ్లు నా మొహంలోకి చూస్తారు, ఆ కాసేపన్నా నన్నెవరూ చూడకూడదు' అంది. న్యాయమే కదా." అంటూ ఆయన కుర్చీ వైపు, నేల మీద గుర్తుల వైపు చూశాడు. "మీ ఇంట్లో మగవాళ్లు..."

"లేరు. నేనే."

మొక్కలాయన కుర్చీలోంచి లేచాడు. పుస్తకం మూసి మళ్లీ తెరిచాడు.

ఈలక్క చెప్పింది. తన ఉద్యోగం గురించి, ఎత్తు కుర్చీ గురించి. నీళ్లలో మనిషి ఉండి గట్టున ఎవరూ లేకపోతే తను లేవలేకపోవడం గురించి.

"చప్పుడు వినబడుతుంది కదా అక్కగారూ. మొక్కలు చూపుకి అడ్డం గానీ చెవికి అడ్డం కాదు."

"మునిగేవాళ్లు కేకలు పెట్టరు. ఊపిరే అందదు, కేకెక్కడ పెడతారు? పక్కన పదిమంది ఉన్నా తెలియదు. చూస్తేనే తెలుస్తుంది."

"పోనీ డాక్టరమ్మకి చెప్పనా?"

"చెప్పొద్దు. తెలిస్తే మొహమాటానికి మొక్కలు మానేస్తుంది. లేదా నన్ను చూసి జాలిపడుతుంది. రెండూ వద్దు." ఈలక్క టీ పెట్టడానికి కదిలింది. "ఏం మొక్కలు పెడదామనుకుంటున్నారు?"

"వెదురు. ఏడాదిలో పదకొండు అడుగులు దాటిపోతుంది."

"రోజూ ఆకు రాలుతుంది. ఆకంతా వడపోత మూతికి అడ్డం పడుతుంది."

"గన్నేరు?"

"ఆకు నుంచి వేరు దాకా విషం. నీళ్లు మింగే చోట పెడతారా?"

"కాగితం పూలు?"

"ముళ్లు. అక్కడ అందరూ ఒట్టి కాళ్లతో నడుస్తారు."

"మర్రి జాతి కంచె మొక్క ఒకటుంది."

"ఐదేళ్లలో కొలను గోడ పగలగొడుతుంది. మా పూల్‌లో ఒకసారి పగిలింది, ఎండాకాలమంతా మూసేశారు."

మొక్కలాయన టీ గ్లాసు పట్టుకుని నవ్వాడు. "మీరు చెప్పినవన్నీ నిజమే. నాకూ తెలుసు. కానీ ఇలా కొట్టుకుంటూ పోతే చివరికి గడ్డి మిగులుతుంది."

"గడ్డీ వద్దు. కోసిన ముక్కలు నీళ్లలో పడతాయి."

ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "సరే, వెదురే పెట్టేస్తాను. ఆకు ఊడ్చుకుంటుంది ఆవిడే. కొంప మునిగిపోదు."

వెదురు పెడితే ఏడాది. ఆ లెక్క ఈలక్క అప్పటికే వేసుకుంది. గట్టు మీద తడి, తడి మీద వెదురాకు, ఆకు మీద పాదం. ఆ లెక్క కూడా వేసుకుంది. ముప్పై ఒక్కేళ్లలో ఆమె కట్టు కట్టిన దెబ్బల్లో సగం నీళ్లలో తగిలినవి కావు, గట్టు మీద జారిపడి తగిలినవి.

సరైన మొక్క ఆమెకు తెలుసు. తను పనిచేసిన చోట బట్టలు మార్చుకునే గదుల ముందు వరసగా ఉండేది. దళసరి ఆకు, అట్టముక్కలా ఉంటుంది. గోరుతో గీస్తే గీత తెల్లబడి అలాగే నిలిచిపోతుంది. పిల్లలు దాన్ని పలక మొక్క అనేవాళ్లు. ఏ ఆకు మీద చూసినా ఎవరో ఒకరి పేరుండేది. ఆకు తొందరగా రాలదు కాబట్టి పేర్లు ఏడాదిన్నర దాకా ఉండేవి. కొలనులో కలిపే మందు చిందినా మాడదు. ముల్లు లేదు.

"పలక మొక్క చూశారా?" అని, ఆకు ఎలా ఉంటుందో చేతులతో చూపించింది.

మొక్కలాయన నుదురు రుద్దుకున్నాడు. "అది కుండీల్లో పెట్టుకునేది కదా?"

"కుండీలో పెడితే కుండీ అంతే. నేలలో పెడితే మనకి రెండింతలు. కాకపోతే నిదానం."

"ఆరడుగుల మొక్కలు దొరుకుతాయి. పదకొండుకి చేరాలంటే..." వేళ్లు మడిచాడు. "రెండేళ్లు." తలెత్తి ఆమె మొహం చూశాడు.

ఆయన వెళ్లిపోయాక ఈలక్క చాలాసేపు ఆలోచించింది. తను చెప్పినదాంట్లో ఆవిడ క్షేమం ఎంత, తనకు మిగిలే రెండేళ్లు ఎంత. రెంటినీ విడదీయడం ఆమె వల్ల కాలేదు.

పద్నాలుగు మొక్కలు వచ్చాయి. రెండు రోజుల పని. మూడో రోజు పొద్దున డాక్టరమ్మ ఈత దుస్తుల మీద తువ్వాలు కప్పుకుని వచ్చి, రబ్బరు గొట్టం పట్టుకుని, ఒక్కో మొక్క మొదట్లో నీళ్లు నిలిచేదాకా పోసింది. పద్నాలుగింటికీ పోసి, గొట్టం పక్కన పడేసి, మెట్లు దిగింది. దిగేటప్పుడు మెట్లు కనిపించలేదు, తల మాత్రం కనిపించింది. ఇది పర్వాలేదు అనుకుంది ఈలక్క.

నాలుగో రోజూ నీళ్లు పోసింది. ఐదో రోజూ పోసింది. ఆ మొక్కకు వారానికి రెండుసార్లు చాలు. మొక్కలాయన చెప్పే ఉంటాడు. త్వరగా పెరగాలన్న ఆత్రంలో డాక్టరమ్మ ఆ మాట చెవిన పెట్టి ఉండదు.

ఐదో వారంలో మొక్కల సందుల్లోంచి చూస్తే గట్టు మీద మూడు ఆకులు పడి ఉన్నాయి. పసుపు రంగు. మర్నాడు ఐదు. తర్వాత తొమ్మిది. పలక మొక్క ఆకు రాలిందంటే వేరు కుళ్లుతోందని అర్థం. ఇలాగే పోస్తే ఇంకో రెండు నెలలు. తర్వాత పద్నాలుగు పుల్లలు మిగులుతాయి. కిటికీకి అడ్డం ఏదీ ఉండదు.

తను ఏమీ చెయ్యనక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే చాలు.

వెళ్లి చెప్పాలంటే, నువ్వు రోజూ నీళ్లు పోస్తున్నావని నాకు తెలుసు అని చెప్పాలి. ఎలా తెలుసో చెప్పాలి. మొక్కలాయన నంబరు ఆ రోజు అడగడం మరిచిపోయింది. ఒక సాయంత్రం కాగితం తీసి నాలుగు ముక్కలు రాసింది. కింద సంతకం దగ్గర ఆగింది. సంతకం లేకుండా పడేస్తే అది కిటికీలోంచి చూడటం కన్నా అన్యాయం అనిపించింది. కాగితం చింపేసింది.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు డాక్టరమ్మ గొట్టం పడేసి కొలను వైపు రెండడుగులు వేసింది. ఆకు రాలి పలచబడ్డ కొమ్మల సందులోంచి ఈలక్కకు అంతా కనిపించింది. కాలి కింద ఆకు పడింది. కాలు ముందుకు పోయింది, తల వెనక్కి పోయింది. చెయ్యి గాల్లో తిరిగి మెట్ల కమ్మీకి తగిలింది. పట్టుకుంది. కాసేపు అలాగే వేలాడినట్టు నిలబడి, ఆకును కాలితో పక్కకు తోసి, నీళ్లలోకి దిగింది.

ఈలక్క కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియలేదు. వెంటనే కిందికి పరిగెత్తాలనిపించింది. కానీ మనిషి నీళ్లలో ఉంది. మళ్లీ కూర్చుంది. ఆ రోజు ముప్పై ఎనిమిది నిమిషాలు. డాక్టరమ్మ పైకెక్కాక ఈలక్క చెప్పులు వేసుకుంది.

గేటు సగమే తెరుచుకుంది. డాక్టరమ్మ తల తడిగా ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. దగ్గర నుంచి చూడటం ఇదే మొదటిసారి.

"ఎవరండీ?"

"పక్క బిల్డింగు. మీ మొక్కలకి నీళ్లెక్కువయ్యాయి. రోజూ పొయ్యకండి, వారానికి రెండుసార్లు చాలు. వేరు కుళ్లి ఆకు రాలుతోంది. దాని మీద కాలేస్తే జారతారు."

ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"నేను రోజూ పోస్తున్నానని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

డాక్టరమ్మ చూపు ఆమె తల మీదుగా మొదటి అంతస్తు కిటికీకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది.

"మీరా?"

"నేనే."

"మగాడనుకున్నాను."

"మొక్కలాయన అన్నాడు."

"ఆయనకీ తెలుసా? బాగుంది." డాక్టరమ్మ తువ్వాలు మెడ దాకా లాక్కుంది. "ఎందుకండీ చూడటం?"

"ముప్పై ఒక్కేళ్లు స్విమ్మింగ్ పూల్‌లో కాపలా చేశాను. నీళ్లలో ఎవరైనా ఉంటే కళ్లు తిప్పుకోలేను. అంతకుమించి ఏమీ లేదు."

"నాకు ఈత బాగా వచ్చు."

"బాగానే వచ్చు. కానీ ఈ నెల రోజులుగా ఎడమ చెయ్యి పూర్తిగా చాపకుండా లాగేస్తున్నారు. భుజం నొప్పా?"

డాక్టరమ్మ కుడి చెయ్యి ఎడమ భుజం మీదికి వెళ్లింది. వెళ్లినట్టు గమనించి తీసేసింది. మొహం ఎర్రబడింది.

"చూడండి. ఇదే నాకు వద్దన్నది. సరిగ్గా ఇదే."

"తెలుసు."

"తెలిసి కూడా..."

"అందుకే ఆ మొక్క పెట్టమన్నాను. మొక్కలాయన వెదురు పెడతానంటే నేనే వద్దన్నాను."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి మొక్కల వరస చూసింది. "మీ కిటికీ మూయడానికి మొక్కని మీరే చెప్పారా?"

ఈలక్క తలూపింది. తువ్వాలు అంచు నుంచి నీళ్లు కారి గేటు దగ్గర చిన్న మడుగు కట్టాయి.

"ఏ రోజుల్లో పొయ్యాలి?" అంది డాక్టరమ్మ చివరికి.

"సోమవారం, గురువారం."

"సరే."

గేటు మూసుకుంది. విసురుగా కాదు, మామూలుగానే.

మర్నాడు మంగళవారం. ఆరుంపావుకి డాక్టరమ్మ వచ్చింది. గొట్టం జోలికి పోలేదు. మెట్ల దగ్గర నిలబడి పైకి చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత ప్రయత్నిస్తోందో మెడ చెప్పింది. నీళ్లలోకి దిగి రెండు చుట్లు తిరిగింది. ఎడమ చెయ్యి పూర్తిగా చాపింది. కుడి చెయ్యి లెక్క తప్పింది. ఎవరో పాఠం అప్పజెప్పమంటే చెబుతున్నట్టు ఈదింది. ఏడు నిమిషాలకు పైకెక్కేసింది.

బుధవారం రాలేదు. గురువారం మామూలు బట్టలతోనే వచ్చి, పద్నాలుగు మొక్కలకూ నీళ్లు పోసి, గొట్టం చుట్టి, లోపలికి వెళ్లిపోయింది. శుక్రవారం రాలేదు. సోమవారం మళ్లీ నీళ్లు.

మూడు వారాలు ఇలాగే నడిచింది. ఈలక్క రోజూ ఆరుంపావుకి కూర్చుంది. ఖాళీ నీళ్లను ఎలా చూడాలో ఆమెకు తెలియదు. ముప్పై ఒక్కేళ్లలో నీళ్లు ఖాళీ అయితే ఆమె పని అయిపోయేది, కుర్చీ దిగి ఇంటికి వెళ్లిపోయేది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మొక్కలు మాత్రం కోలుకున్నాయి. ఆకు రాలడం ఆగింది. కొసల్లో చిగురు వచ్చింది. ఆ చిగురు పదకొండో పట్టీ ఎత్తు అందుకోవడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆవిడ నీళ్లలోకి దిగదు. నొప్పి భుజానికి ఈత కన్నా మందు లేదని ఈలక్కకు తెలుసు. అది డాక్టరమ్మకూ తెలిసే ఉంటుంది.

నాలుగో గురువారం డాక్టరమ్మ గొట్టం తీసుకుని మొదటి మొక్క దగ్గర వంగింది. ఈలక్క లేచింది. కిటికీ చెక్క రెక్కలు ఆ మూడో రోజు తెరిచాక మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. మడతబందులు బిగుసుకుపోయాయి. ఒక రెక్కను భుజంతో తొయ్యాల్సి వచ్చింది. అది కిర్రుమంది. కింద డాక్టరమ్మ తలెత్తింది. ఈలక్క ఆమె వైపు చూసింది. ఆమె చూస్తోందని ఖాయం చేసుకుంది. రెండో రెక్క కూడా తోసి గడియ పెట్టింది.

గదిలో చీకటి పడింది. రెక్కల మధ్య సన్నటి సందులో వెలుతురు కనిపించింది. ఈలక్క అటు వెళ్లలేదు. అలమరలోంచి పాత చీర తీసి, నాలుగు మడతలు పెట్టి, సందుకు అడ్డంగా గడియలోకి దోపింది. అప్పుడు ఆ వెలుతురూ పోయింది.

గొట్టం చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగింది. పక్కింటి తలుపు మూసుకున్న చప్పుడు. ఇంక లాభం లేదనుకుంది. వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు తోమడం మొదలుపెట్టి, రెండు గిన్నెలు తోమింది.

అప్పుడు నీళ్ల చప్పుడు వినిపించింది. మెట్లు దిగిన చప్పుడు కాదు. లోతు వైపు నుంచి దూకిన చప్పుడు. రెండేళ్లలో డాక్టరమ్మ ఎన్నడూ దూకలేదు.

ఈలక్క పరిగెత్తి కిటికీ దగ్గరికి వచ్చింది. చెయ్యి గడియ మీద వేసింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అంకెకు చెయ్యి నీళ్లను కొట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఈలక్క చేతికి ఇంకా సబ్బు ఉంది. గడియ తీయలేదు. కుర్చీలో కూర్చోలేదు. మూసిన రెక్కల ఎదురుగా, చీకట్లో, ఆ చప్పుడు ఆగి గట్టు మీద తడి కాలి చప్పుడు వినిపించేదాకా నిలబడే ఉంది.